రెండు మిల్లీమీటర్ల సందు

ఎవాంజెలిన్ పగ పట్టిందంటే పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ట్రాన్స్‌ఫార్మర్లు కూడా గొంతు తగ్గించుకుని మోగుతాయని ఆమె ఊరు లక్డారంలో అంటారు. అందులో సగం తీసేసినా మిగిలేది తక్కువేమీ కాదు. ఏడో తరగతిలో తన జామెట్రీ బాక్సు కాజేసి, అడిగితే తెలియదన్న పిల్లని ఆమె పదకొండేళ్ళపాటు ఏమీ అనలేదు. నవ్వుతూ పలకరించింది, చర్చిలో పక్కనే కూర్చుంది, జ్వరం వస్తే చూసొచ్చింది కూడా. ఆఖరికి ఆ పిల్ల పెళ్ళిలో వేదిక ఎక్కి, ఫొటోలు తీసేవాణ్ణి దగ్గరికి పిలిచి మరీ, రంగు కాగితం చుట్టిన కొత్త జామెట్రీ బాక్సు చేతిలో పెట్టి విప్పి చూడమంది. ఆ ఫొటో ఇప్పటికీ ఆల్బంలో ఉంది. పెళ్ళికూతురి పాపిడిబిళ్ళ తప్ప ముఖం కనిపించదు.

అలాంటి మనిషితో పెట్టుకునేముందు సునీల్‌కుమార్ నాలుగిళ్ళు అడిగి ఉండాల్సింది. అడగలేదు. చదువుకున్నవాళ్ళతో వచ్చిన చిక్కే అది.

ఎవాంజెలిన్‌కి నలభై దగ్గర పడుతోంది. పాలిటెక్నిక్ రెండో ఏడు మధ్యలో మానేసింది. ఎందుకు మానేశావని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కథ చెబుతుంది. లెక్చరర్ చెప్పిన లెక్కలో తప్పు పట్టినందుకు కాలేజీవాళ్ళే చేతులెత్తి పంపేశారని ఒకసారి, తనకు నేర్పడానికి ఇంకేమీ మిగల్లేదన్నారని ఇంకోసారి. అసలు సంగతి, తండ్రి క్వారీలో కాలు విరగ్గొట్టుకుంటే ఇంట్లో సంపాదించే చెయ్యి ఇంకొకటి లేకపోయింది. అప్పుడు గాజు కంపెనీలో అంచులు నునుపు చేసే బల్ల దగ్గర చేరింది. పద్దెనిమిదేళ్ళయింది. కళ్ళు మూసుకుని గాజు అంచు మీద వేలు నడిపించి, ఏ యంత్రం మీద కోశారో, కోసినవాడు ఆ పూట ఇంట్లో పెళ్ళాంతో గొడవపడి వచ్చాడో లేదో కూడా చెప్పేస్తుందని తోటివాళ్ళు అంటారు. రెండోదాన్ని వాళ్ళు ప్రమాణం చేసి చెబుతారు.

ఆమెకు గాజు గురించి తెలిసిందల్లా ఒక్క మాటలో చెప్పొచ్చు. నడిమధ్యన గుద్దితే తట్టుకుంటుంది, అంచు మీద గోరంత పెచ్చు లేస్తే తట్టుకోదు. ఇవాళ నిలిచినా ఎల్లుండికి అడ్డంగా చీరుకుపోతుంది.

ఏడాదిన్నర కిందట ఆ కంపెనీకి కొత్త పని వచ్చింది. కరెంటు బస్సుల్లో డ్రైవర్ ముందు ఉండే ముళ్ళూ మీటర్లూ తీసేసి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెరలే పెట్టాలి. ఎడమ తెరలో వేగమూ బ్యాటరీ, నడుమ తెరలో దారీ వెనక కెమెరా, కుడి తెరలో తలుపులూ ఏసీ. ఆ తెరల మీద కప్పే గాజు ఎండకీ చలికీ గుంతలకీ పదేళ్ళు నిలవాలి. డిజైన్ విభాగం పెద్ద సునీల్‌కుమార్ మూడు తెరల మీదా ఒకటే పొడుగు గాజు గీశాడు. చూడ్డానికి నల్లటి నీళ్ళు పారుతున్నట్టు ఉంది. వేడి పెట్టెలో పెట్టి, చలి పెట్టెలో పెట్టి, మళ్ళీ వేడి పెట్టెలో పెడితే మూడో రోజున ఫట్‌మంది. రెండోది రెండో రోజునే పోయింది. పన్నెండు గాజులు పోయాక సునీల్‌కుమార్ భోజనం మానేసి టీ మీద బతకడం మొదలుపెట్టాడు.

పగిలిన ముక్కలన్నీ ఎవాంజెలిన్ బల్ల మీదికే వచ్చేవి, అంచులు చూడమని. ఆమె చూసి, అంచులు బాగానే ఉన్నాయి గానీ కింద ఉన్న లోహపు చట్రం వేడికి సాగుతున్నంత గాజు సాగడం లేదని, ఇంత పొడుగు గాజుని నాలుగు వైపులా బిగిస్తే అది ఎటు పోవాలని అడిగింది. మూడు ముక్కలు చెయ్యమంది. మూడూ వేటికవి మెత్తటి జిగురు మీద కూర్చోవాలి, నడుమ రెండేసి మిల్లీమీటర్ల సందు ఉండాలి, ఒకటి పగిలితే పక్కదానికి తెలియకూడదు, పది నిమిషాల్లో విప్పి మార్చేలా ఉండాలి. సునీల్‌కుమార్ ఆ రోజు ఆమె చెప్పేదంతా నిలబడి విన్నాడు. మర్నాడే ఆమెను నమూనాల గదికి మార్పించాడు. ఆరు నెలలు ఇద్దరూ పక్కపక్కనే పనిచేశారు. ఆమె చేత్తో చేసేది, ఆయన కంప్యూటర్లో గీసేవాడు. అప్పట్లో ఆయన ఆమెను మేడం అనేవాడు.

కంపెనీలో కుదిపే యంత్రం ఉంది గానీ ఎవాంజెలిన్‌కి దాని మీద గురి లేదు. అది కిందికీ పైకీ, పక్కలకీ మర్యాదగా కుదుపుతుంది. లక్డారం క్వారీ రోడ్డు మర్యాద ఎరగదు. ఆ రోడ్డు మీద గుంతలో దిగిన కోడి మూడో రోజు అవతలి ఊళ్ళో తేలిందని చెబుతారు. ఒక డ్రైవరు దవడ పన్ను పీకించుకోవడానికి బయల్దేరితే ఆస్పత్రి చేరేలోపే అది చేతిలోకి వచ్చిందనీ, డాక్టరు చూసినందుకైనా ఫీజు ఇమ్మన్నాడనీ ఇంకో కథ. అందుకే ఆమె మొదటి నమూనాని పక్కింటి నర్సింహులు టిప్పర్లో బిగించింది. నర్సింహులు కంకర తోలతాడు. చెల్లె అడిగిందని నలభై రోజులు గాజుని మోశాడు.

పదకొండో రోజున గాజు అంచు పెచ్చు లేచింది. చూస్తే సందులో వెదురు పుల్ల విరిగి ఇరుక్కుని ఉంది. ఏందన్నా ఇది అంటే నర్సింహులు చాలా మామూలుగా చెప్పాడు.

"అగరబత్తి పుల్ల చెల్లె. పొద్దుగాల బండి తీసేముందు ముట్టిస్త గద. నువ్వు మంచిగ సందు వెట్టినవ్, అండ్లనే గుచ్చుతున్న."

ఎవాంజెలిన్ అతన్ని తిట్టిన తిట్లు క్వారీ దాకా వినిపించాయంటారు. తిట్టడం అయ్యాక కూర్చుని ఆలోచించింది. నర్సింహులు ఒక్కడేనా? ఈ దేశంలో అగరబత్తి వెలిగించకుండా బండి తాళం తిప్పే డ్రైవర్లు ఎంతమంది? ఎదురుగా చేతికందే ఎత్తులో రెండు మిల్లీమీటర్ల సందు కనిపిస్తే ఏ చెయ్యి ఆగుతుంది? పుల్ల దిగుతుంది, బండి ఊగుతుంది, పుల్ల గాజు అంచుని కొరుకుతూ ఉంటుంది. ఆమె నల్లటి మెత్తని రబ్బరు పట్టీ తెప్పించి, సందు లోతుకి సరిపడా కోసి, ఆ సందుల్లో నిండా కూర్చోబెట్టింది. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ నర్సింహులు ఎంత పొడిచినా పుల్ల దిగలేదు. గాజు చెక్కు చెదరలేదు.

నమూనా నెగ్గింది. డ్రాయింగు అచ్చయి వచ్చింది. ప్రతి డ్రాయింగుకీ కింద కుడి మూలన చిన్న పెట్టె ఉంటుంది, రూపొందించినవారు, సరిచూసినవారు అని రెండు గళ్ళతో. ఎవాంజెలిన్ జీతం పెంచమని అడగలేదు, హోదా అడగలేదు. ఆ మొదటి గడిలో తన పేరు చూసుకోవాలని మాత్రం ఆరు నెలలుగా అనుకుంటూ ఉంది. భర్త సత్యరాజుకి, అతను స్కూల్లో సైన్సు టీచరు, ఆ గడి ఎంత ఉంటుందో వేళ్ళతో కొలిచి కూడా చూపించింది. తీరా చూస్తే రెండు గళ్ళలోనూ సునీల్‌కుమార్ పేరే ఉంది.

ఆమె డ్రాయింగు పట్టుకుని వెళ్ళి అడిగింది. అక్కడ డిజైన్ వాళ్ళు ఆరుగురున్నారు, టీ తాగుతూ. సునీల్‌కుమార్ తెర తుడిచే గుడ్డతో కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఏందమ్మా, పాలిటెక్నిక్ కూడా పూర్తి చెయ్యనోళ్ళ పేర్లు డ్రాయింగు మీద వేస్తే కస్టమర్ ఏమనుకుంటడు? పేరు లేనోళ్ళు డ్రాయింగు గురించి మాట్లాడొద్దు. పొయ్యి అంచులు సూస్కో."

ఆరుగురూ నవ్వారు. ఒకడికి టీ ముక్కులోకి కూడా పోయింది. మర్నాటి నుంచి ఆమె మళ్ళీ అంచుల బల్ల దగ్గరే ఉంది. మేడం పోయి అమ్మా వచ్చింది, వారం తిరిగేసరికి అదీ పోయి "ఏయ్, ఆ గాజు" అయింది.

ఇంటికొచ్చి సత్యరాజుకి చెబితే అతను పోనియ్యమన్నాడు, దేవుడు చూసుకుంటాడన్నాడు. దేవునికి పని ఎక్కువ ఉంటది, ఇది నేనే సూస్కుంట అని ఆమె బియ్యం కడిగింది.

చిన్న చిన్న పగలు ఆమెకు నచ్చవు. ఆయన బైకు టైర్లో గాలి తియ్యడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు, ఆమె వద్దంది. క్యాంటీన్లో ఆయన టీలో ఉప్పు వేస్తానని ఒకామె ముందుకొస్తే, ఉప్పు తిన్న నాలుక నీళ్ళు తాగితే మర్చిపోతుందని చెప్పి పంపేసింది. ఆయన చేతి దెబ్బ ఆయనకే తగలాలి, చూసేవాళ్ళుండాలి, ఆ ఆరుగురూ తప్పకుండా ఉండాలి. అంతవరకు రోజూ పొద్దున్న నమస్తే సార్ అంటూనే ఉంది.

నెలన్నర తర్వాత మొదటి సెట్టుని చట్రంలో ఒకసారి అమర్చి చూసి, అంచులు నునుపు చెయ్యమని ఆమె బల్ల దగ్గరికి పంపారు. చూసి ఆగిపోయింది. సందుల్లో రబ్బరు పట్టీ లేదు. పక్కవాళ్ళని అడిగితే, సార్ తీసేయించాడన్నారు. నల్ల గీతలు కాటుక కారినట్టు ఉన్నాయట, సందు ఖాళీగా ఉంటేనే విదేశీ బండి లాగా ఉందట. అగరబత్తి సంగతి ఆయనకు తెలియదా అంటే, ఆమె అప్పట్లో చెప్పింది, నర్సింహులు విరిచిన పుల్ల చూపించింది కూడా. కానీ ఆయన ఫోన్ చూసుకుంటూ ఊ కొట్టాడు. రబ్బరు దుమ్ము పడకుండా అనుకున్నాడు.

మాట ఆమె గొంతు దాకా వచ్చింది. పళ్ళ వెనక నిలబడింది. పేరు లేనోళ్ళు డ్రాయింగు గురించి మాట్లాడొద్దు. ఎవాంజెలిన్ మాటను మింగేసి, మంచినీళ్ళు తాగి, ఆ సెట్టు అంచులన్నీ పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ చెయ్యనంత శ్రద్ధగా నునుపు చేసింది. ఒక్కో అంచూ మూడుసార్లు. భూతద్దంలో చూసి, చీటీ మీద తన సంతకం పెట్టి పంపింది.

బస్సు బాడీలు కట్టే సత్తయ్య సేటు కంది ఊరు దాటాక పెద్ద షెడ్డు నడుపుతాడు. రెండు వందల బస్సులకు ఈ తెరలు కావాలన్నది ఆయనే. మొదటి బస్సు తెచ్చి కంపెనీ ఆవరణలోనే తెరలు బిగించి, అక్కడే పూజ చేసి తీసుకుపోతానన్నాడు. నచ్చితేనే మిగిలిన నూట తొంభై తొమ్మిది.

పూజ ఏర్పాట్లు అంచుల బల్ల దగ్గరే పనిచేసే రేఖకు అప్పగించారు. రేఖకి ఎవాంజెలిన్ సొంత అక్క కన్నా ఎక్కువ, డబ్బా తెరిస్తే మొదటి ముద్ద అక్కకే. రేఖ పొద్దున్నే వచ్చి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నిమ్మకాయలు, పూలదండ, అగరబత్తి కట్ట, ఆరు అరటిపండ్లు పళ్ళెంలో సర్ది ప్యాకింగు బల్ల మీద పెట్టి, చీర సరిచేసుకోవడానికి వెళ్ళింది.

ఎవాంజెలిన్ ఆ పళ్ళెం చూసింది. ఆమె పూజలు చేసే మనిషి కాదు గానీ ఆ ఫ్యాక్టరీలో పద్దెనిమిది దసరాలు చూసింది. యంత్రం ముందు గానీ, లారీ ముందు గానీ అగరబత్తి ఎక్కడ గుచ్చుతారో ఆమెకు తెలుసు. అరటిపండులో గుచ్చుతారు. అందుకని ప్రత్యేకంగా స్టాండు తెచ్చేవాడు ఎవడూ ఉండడు. పండు ఉందిగా.

ఆమె ఆరు పండ్లూ కొంగులో వేసుకుని లోడింగు దగ్గరికి నడిచింది. అక్కడ ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ముగ్గురు పొద్దుటి నుంచి పెట్టెలు ఎత్తుతున్నారు. భయ్యా ఖాలో అంది, తలా రెండు పెట్టింది. వాళ్ళు దీదీకి దండం పెట్టి తిన్నారు. తొక్కలు ఆమే ఏరి చెత్త డబ్బాలో వేసి, చేతులు కడుక్కుని వచ్చి అందరికన్నా వెనక నిలబడింది. ఆ రోజు ఆమె చేసిన కుట్ర మొత్తం ఇంతే. దీన్ని లక్డారంలో చెప్పేటప్పుడు పండ్లు గెల అవుతాయి, కూలీలు ముప్పై మంది అవుతారు.

బస్సు చుట్టూ అందరూ చేరారు. ప్లాంటు మేనేజర్ జైపాల్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. డిజైన్ వాళ్ళు ఆరుగురూ ముందు వరసలో ఉన్నారు. పంతులు తొందరపడుతున్నాడు, రాహుకాలం ఇంకో పావుగంటలో పడుతుందట. సత్తయ్య సేటు తెల్ల బట్టల్లో బస్సు మెట్టు మీద నిలబడి, ఈ అద్దాలు తయారుచేసిన సారు ఎవలో ఆయన చేతుల మీదుగనే కానియ్యిర్రి అన్నాడు.

సునీల్‌కుమార్ చెప్పులు విప్పి ఎక్కాడు. మూడు తెరలూ వెలిగాయి. తెరిచిన తలుపు నుంచీ వెనక అద్దం నుంచీ అందరికీ కనబడుతున్నాయి. అందంగా ఉన్నాయి, ఆ మాట ఎవాంజెలిన్ కూడా కాదనదు. ఆయన బొట్లు పెట్టాడు, దండ వేశాడు, తెరను గుడ్డతో ఇంకోసారి తుడిచాడు. పంతులు మంత్రం చదువుతూ అయిదు అగరబత్తులు వెలిగించి చేతికిచ్చాడు. సునీల్‌కుమార్ మూడుసార్లు తిప్పాడు. తిప్పి, పళ్ళెంలోకి చూశాడు.

పండ్లు లేవు.

రేఖ బిక్కముఖం వేసింది. పండ్లేవని జైపాల్ గుడ్లురిమాడు. పొగ సునీల్‌కుమార్ కళ్ళలోకి పోతోంది, పంతులు గడియారం చూస్తూ కానియ్ నాయనా అంటున్నాడు. సునీల్‌కుమార్‌ని తండ్రి ఆటో నడిపి చదివించాడు. ఊహ తెలిసినప్పటి నుంచి పొద్దున్నే బండి ముందు సందు వెతికి అగరబత్తి గుచ్చిన చెయ్యి అది. ఆ చెయ్యి ఏ డ్రాయింగూ చూసి ఎరగదు. దానంతటది ముందుకు వెళ్ళి, ఎడమ గాజుకీ నడిమి గాజుకీ మధ్యనున్న సందు వెతుక్కుంది. అయిదు పుల్లలూ ఒక్కటిగా పట్టుకుంది. దిగలేదు. కొంచెం తిప్పి, నొక్కింది.

టిక్ మంది.

అంత చిన్న చప్పుడు. నడిమి గాజు మీద ఆ మూల నుంచి ఈ మూలకి సన్నటి గీత మెల్లగా నడిచింది. ఆ తెర మీద వెనక కెమెరాలో బస్సు వెనక నిలబడ్డవాళ్ళు కనిపిస్తున్నారు, వాళ్ళని రెండు ముక్కలు చేసుకుంటూ పోయింది. వాళ్ళలో ఎవాంజెలిన్ కూడా ఉంది. తన ముఖం మీదుగా గీత దాటుతుంటే ఆమె కన్నార్పకుండా చూసింది. ఆ జామెట్రీ బాక్సు పెళ్ళి తర్వాత అంత సంతోషం ఆమెకు మళ్ళీ అప్పుడే కలిగింది.

అది ఎక్కువసేపు నిలవలేదు. సునీల్‌కుమార్ ముఖంలో నెత్తురు లేదు గానీ నోరు పనిచేస్తోంది. అంచు పాలిష్ సరిగ్గా చెయ్యలేదు, డిజైన్లో లోపం లేదు, అంచు బాగుంటే గాజు ఇలా పోదు అన్నాడు. ఈ సెట్టు అంచులు ఎవరు చేశారో చీటీ తెప్పించమన్నాడు. చీటీ వచ్చింది. దాని మీద ఎవాంజెలిన్ సంతకం ఉంది, గుండ్రంగా, స్పష్టంగా.

జైపాల్ ఆ చీటీ చూసి, పద్దెనిమిదేళ్ళ సర్వీసు అని కూడా చూడను, ఇవాళే ఇంటికి పంపిస్తానన్నాడు. పేరు కోసం మొదలైన పగ ఉద్యోగం దగ్గరికి వచ్చి నిలబడింది. నోరు మూసుకుంటే అంచుల తప్పు. నోరు తెరిస్తే, తెలిసి ఊరుకున్న తప్పు. ఎవాంజెలిన్ జనాన్ని తోసుకుంటూ బస్సు దగ్గరికి వచ్చింది.

"సార్, ఆ అంచు నాదే. బూతద్దం తెప్పియ్యిర్రి. సత్తయ్య సేటే సూడాలె, మనోళ్ళు వద్దు."

భూతద్దం వచ్చింది. సేటు కన్ను చికిలించి అంచు పొడుగునా చూసుకుంటూ పోయాడు. అద్దంలా ఉంది, ఉంది, ఉంది. ఒక్కచోట పెచ్చు లేచి ఉంది. ఆ పెచ్చులో వెదురు పీచు ఇరుక్కుని ఉంది, దానికి సునీల్‌కుమార్ చేతిలోని పుల్లల రంగే ఉంది.

అప్పుడామె చెప్పింది. నర్సింహులు టిప్పరు, పదకొండో రోజు, రబ్బరు పట్టీ, ఎవరు పెట్టారు, ఎవరు తీసేశారు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి, గొంతు పెంచకుండా చెప్పింది. డిజైన్ వాళ్ళు ఆరుగురిలో ఒక్కడికీ నవ్వు రాలేదు. జైపాల్ సునీల్‌కుమార్ వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"పట్టీ లేకుంటే పగుల్తదని నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసి చెప్పవా?"

"యాడికెల్లి చెప్పాలె సార్? పేరు లేనోళ్ళు డ్రాయింగు గురించి మాట్లాడొద్దని సారే చెప్పిండు. ఈ ఆరుగురు కూడ ఇన్నరు. అడుగుర్రి."

ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు. ఆరుగురూ బస్సు టైర్లకేసి చూస్తున్నారు. సునీల్‌కుమార్ చేతిలో ఇంకా అగరబత్తి ముక్కలున్నాయి, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉన్నాడు.

సత్తయ్య సేటు మాత్రం కోప్పడలేదు. ఇగ ఇప్పుడేం జేస్తవ్ బిడ్డా అని ఆమెనే అడిగాడు. ఆమె నమూనాల గదికి వెళ్ళి నడిమి గాజు ఒకటి, రబ్బరు పట్టీ రెండు మూరలు తెచ్చింది. డ్రైవరు సీట్లో కూర్చుని, ఎడమ తెరనీ కుడి తెరనీ ముట్టుకోకుండా పగిలినది ఒక్కటే విప్పి తీసింది, కొత్తది కూర్చోబెట్టింది. తొమ్మిది నిమిషాలు పట్టింది. పదో నిమిషంలో పట్టీ సందుల్లోకి వేలితో నెట్టి, కట్టలో మిగిలిన అగరబత్తులన్నీ సేటు చేతికిచ్చి గుచ్చమంది. ఆయన గుచ్చాడు. పుల్లలు వంగాయి, విరిగాయి. సేటు పట్టుదల మనిషి, పన్నెండు పుల్లలు విరిచాడు. ఆఖరికి చెమట తుడుచుకుని జైపాల్‌తో అన్నాడు.

"రెండు వందల బండ్లు తీస్కుంట. గని ఒక్క షరతు. కాయితం మీద ఇది తయారుచేసినామె పేరుండాలె. రేపు పగిల్తే ఎవల్ని తిట్టాలెనో నాకు తెల్వాలె గద."

పొగడ్త కాదది, అచ్చమైన వ్యాపారం. అయినా ఎవాంజెలిన్ ఆ మాటను లక్డారం దాకా షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది.

అయితే తెలిసి చెప్పనందుకు జైపాల్ ఆమెకు మూడు రోజులు పని నుంచి సెలవు పెట్టించాడు, జీతం లేకుండా. కాగితం ఇస్తూ, ఇది తక్కువే అన్నాడు. ఆమె కూడా తక్కువే అనుకుంది. నొప్పి పెట్టింది వేరే. సాయంత్రం గేటు దగ్గర రేఖ ఆమె కోసం ఆగి ఉంది. కూలీలు చెప్పేశారు.

"పండ్లు నువ్వే తినవెట్టినవంట గదక్కా. ఆ సేటు బండెక్కి పోయుంటే? మా నలభై మంది పొయ్యి మీద నీళ్ళు పోసేదానివి. నీకు సార్ మీదనే కోపముండె. మేమేం జేసినం?"

సేటు పోడని తనకు తెలుసని ఎవాంజెలిన్ చెప్పబోయింది, కానీ తెలియదు. తెలియకుండానే చేసింది. రేఖ వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె డబ్బా వేరే బల్ల దగ్గర తెరుచుకుంది.

సెలవులో ఉన్న ఆదివారం చర్చిలో అందరూ కలిసి ప్రార్థన చెబుతున్నారు. తప్పు చేసినవాళ్ళని క్షమించే మాట దగ్గరికి వచ్చేసరికి పక్కన భార్య గొంతు వినబడక సత్యరాజు తిరిగి చూశాడు. ఎవాంజెలిన్ పెదవులు మూసుకుని నిలబడి ఉంది. ఆ ముక్క దాటాక మళ్ళీ అందుకుంది. రేఖ తనను క్షమించే వరకు ఆ ముక్క చెప్పే హక్కు తనకు లేదని ఇంటికి వచ్చాక అంది. మరి సునీల్‌కుమార్ సంగతేమిటని సత్యరాజు అడిగితే, ఆయన పేరు ఆ లెక్కలోనే లేదంది.

నాలుగో రోజు ఆమె పనికి వెళ్ళింది. నమూనాల గదిలో బల్ల తుడిచి ఉంది. పదిన్నరకి సునీల్‌కుమార్ కొత్త డ్రాయింగు పట్టుకుని వచ్చాడు. ఆయన ఉద్యోగం పోలేదు. కంప్యూటర్లో అంత చక్కగా గీసేవాడు ఇంకొకడు దొరకడని ఎవాంజెలిన్‌కీ తెలుసు. పైగా ఆయన వెళ్ళిపోవడం ఆమెకు ఇష్టం లేదు. వెళ్ళిపోతే ఏం మజా?

కూర్చోమని అనలేదు. డ్రాయింగు పరిచి చూడటం మొదలుపెట్టింది. కింద కుడి మూలకి ముందు చూడలేదు, పై నుంచి మొదలుపెట్టింది. ప్రతి గీతా, ప్రతి కొలతా వేలు పెట్టి చదివింది. ఆయన ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు. ఏసీ లేని గది అది. గంట గడిచింది. ఒకచోట వేలు ఆగింది. పట్టీ లోతు మూడు మిల్లీమీటర్లని ఉంది, నాలుగుండాలి. నిజమైన తప్పే. చూపించి, మార్చుకుని రమ్మంది. మార్చుకుని వచ్చాడు. మళ్ళీ పై నుంచి మొదలుపెట్టింది.

మూడోసారి వచ్చేసరికి భోజనాల గంట కొట్టారు. అప్పుడు చూసింది ఆ గడిలోకి. రూపొందించినవారు: ఎవాంజెలిన్, లక్డారం. ఊరు పేరు ఎందుకు వేశారంటే, సేటు వెయ్యమన్నాడట, వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని. రెండో గడిలో సునీల్‌కుమార్ పేరుంది. ఆమె పెన్ను తీసి తన గడిలో సంతకం పెట్టింది. గడి చిన్నది, సంతకం పెద్దది. తోక పక్క గడిలోకి వెళ్ళి ఆయన పేరులో మొదటి అక్షరం మీద కూర్చుంది.

సునీల్‌కుమార్ అది చూశాడు. కాగితం చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఇగనన్న కడుపు సల్లవడ్డదా మేడం?"

ఎవాంజెలిన్ డబ్బా మూత తీసింది. రేఖ కూర్చోవాల్సిన పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"అప్పుడే యాడ సార్. ఇంక నూట తొంభై తొమ్మిది బండ్లున్నయి గద. బండికొక డ్రాయింగు పోవాలె. ఒక్కొక్కటి మీ చేత్తోనే పట్కరార్రి, సంతకం పెడ్త."